గ్లాసుడు పప్పు ఎన్ని గ్రాములు?

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక గృహవిజ్ఞాన అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం ఈ బల్ల మీద చేసి చూపించేదే. దూరం నుంచి కాటా మీద అంకెలు కనబడవు.

షుగరు వచ్చినవాళ్ళకు డైటీషియన్ ఒక కాగితం రాసిస్తారు. మధ్యాహ్నం బియ్యం ఇన్ని గ్రాములు, పప్పు 30 గ్రాములు, ఇలా. ఆ కాగితం తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాం. వంటింట్లో మాత్రం ఉన్నది గ్లాసు. పప్పు డబ్బాలో పడేసి ఉంటుంది చూడండి, అంచు కొంచెం సొట్టపోయి, ఆ గ్లాసు. దానికి గ్రాములు తెలియవు. చివరికి ఏమవుతుందంటే, కాగితం ఫ్రిజ్ మీదే ఉంటుంది, పప్పు మాత్రం ఎప్పటిలాగే పడుతుంది.

హైదరాబాద్ తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్ళిచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి పప్పుధాన్యాలు 85 గ్రాములు ఉండాలన్నారు. ఉడికిన పప్పు కాదండీ, వండకముందు తూకం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ 85 గ్రాములు గ్లాసులో ఎంతవరకు వస్తాయో ఎంతమంది చెప్పగలరు? చేతులెత్తండి. ఇద్దరు. సరే, ఈ గంట అయ్యేసరికి అందరూ ఎత్తాలి.

ఇదిగో, ఇది లీటరు పట్టే కొలత గిన్నె. దీన్నిండా నీళ్ళు పోస్తే కిలో తూగుతుంది, అది చిన్నప్పుడే చదువుకున్నాం. మరి దీన్నిండా తెల్ల శనగలు పోస్తే? ఊరికే ఊహించి చెప్పండి. కిలో... కిలోన్నర... అక్కడ ఆ బాబు ఏమంటున్నాడు? గట్టిగా చెప్పు నాన్నా. "శనగలు నీళ్ళలో మునుగుతాయి కాబట్టి కిలో కంటే ఎక్కువే ఉండాలి." బాగా ఆలోచించాడు. తప్పు పట్టడానికేమీ లేదు ఆ మాటలో. ఇప్పుడు పోస్తున్నాను. అంచుకు సమంగా స్కేలుతో చదును చేస్తున్నాను. గిన్నె బరువు ముందే తీసేశాను, చూడండి, 810 గ్రాములు.

కిలో కంటే దాదాపు 200 గ్రాములు తక్కువ. మరి శనగ నీళ్ళలో మునుగుతుందా లేదా? ఇదిగో చెంబులో వేస్తున్నా, టప్పున అడుగుకు పోయింది. గింజ నీళ్ళకంటే బరువు, గిన్నెడు గింజలు మాత్రం గిన్నెడు నీళ్ళకంటే తేలిక. ఈ తిరకాసు ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. ఇదే గిన్నెలోకి, శనగలు తియ్యకుండా, కొలిచిన నీళ్ళు మెల్లగా పోస్తున్నాను. 100... 200... ఇంకా పడుతోంది... 300... ఇదిగో అంచుకు వచ్చింది. 375 మిల్లీలీటర్లు పట్టింది. నిండుగా ఉందనుకున్న గిన్నెలో మూడో వంతు కంటే ఎక్కువ గాలి ఉందన్నమాట. ఆ గాలి స్థానంలోకి నీళ్ళు వచ్చాయి, అంతే.

ఇక లెక్క చూడండి. లీటరులో 375 పోతే గింజలు ఆక్రమించింది 625 మిల్లీలీటర్లు. అంత స్థలంలో 810 గ్రాములున్నాయి. అంటే శనగ గింజ ఒక్కొక్కటీ నీళ్ళకంటే సుమారు 1.3 రెట్లు బరువు. ఆ బాబు చెప్పిందీ నిజమే, కాటా చెప్పిందీ నిజమే. గ్లాసుతో కొలిచేటప్పుడు మనం గింజల్నీ, గింజల మధ్య సందుల్నీ కలిపి కొలుస్తున్నాం. గ్లాసు లెక్కను గ్రాముల్లోకి మార్చడమంటే ఆ సందులు ఎన్నో తెలుసుకోవడమే.

ఈ సందుల సంగతి మీద ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్ళు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. కెప్లర్ పేరు విన్నారు కదా, గ్రహాల కక్ష్యల లెక్కలు చెప్పినాయన. 1611లో ఆయన ఒక మాటన్నాడు: ఒకే సైజు గోళీలను ఎంత పద్ధతిగా పేర్చినా 74 శాతానికి మించి స్థలం నింపలేవని. పళ్ళ దుకాణంలో బత్తాయిలు గోపురంలా పేరుస్తారే, ఆ పేర్పే అన్నిటికన్నా గట్టిదని. చూస్తే తెలిసిపోయే విషయంలా ఉంటుంది, నిరూపించడానికి మాత్రం దాదాపు నాలుగు వందల ఏళ్ళు పట్టింది. 1998లో థామస్ హేల్స్ అనే అమెరికన్ గణితవేత్త కంప్యూటర్ సాయంతో నిరూపణ ప్రకటించాడు. అందులో ఎక్కడా తప్పు లేదని కంప్యూటరుతోనే పూర్తిగా సరిచూసుకునేసరికి 2014 వచ్చింది. పేర్చకుండా గుమ్మరిస్తే, కుదిపినా సరే, 64 శాతం దగ్గరే ఆగిపోతుంది. మన గిన్నెలో గింజల వాటా ఎంత వచ్చింది? 62.5. పర్లేదు, స్కేలుతో చదును చేసిన నా చెయ్యి బాగానే ఉంది.

తమాషా ఏమిటంటే, ఇదే ఇంటిపేరున్న ఇంకో ఆయన, స్టీఫెన్ హేల్స్ అని ఇంగ్లండులో ఒక చర్చి ఫాదర్, ఏకంగా బఠాణీలతోనే ప్రయోగం చేశాడు. 1727లో అచ్చయిన తన ప్రయోగాల్లో రాశాడు. ఇనుప కుండలో బఠాణీలు, నీళ్ళు పోసి, పైన బరువు పెట్టి బిగించాడు. అవి నాని ఉబ్బి, పైకి పోయే దారి లేక, మధ్యలో ఉన్న సందులన్నీ నింపేశాయి. బయటికి తీసి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన గింజలు పన్నెండు ముఖాల దిమ్మల్లా తయారయ్యాయట. గుర్రానికి రక్తపోటు కొలిచింది కూడా ఈయనే. ఎక్కడ ఏది దొరికితే అది కొలిచే మనిషి.

సరే, మన వంటింట్లోకి వద్దాం. చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది: చిన్న గింజలైతే సందులు తక్కువ, అందుకే గ్లాసుకు బరువు ఎక్కువ అని. సందులు చిన్నవైన మాట నిజమే, కానీ వాటి సంఖ్య పెరుగుతుంది. గింజలన్నీ ఒకే సైజులో, ఒకే ఆకారంలో ఉంటే పెద్దవైనా చిన్నవైనా సందుల వాటా ఒకటే. తేడా మూడు చోట్ల వస్తుంది.

ఒకటి పాత్ర గోడ. గోడ పక్కన గింజలు సరిగ్గా సర్దుకోలేవు, అక్కడ ఖాళీ ఎక్కువ. టీ గ్లాసులో కాబూలీ శనగలు పోస్తే అన్నీ గోడ పక్క గింజలే. అందుకని పెద్ద గింజల్ని చిన్న గ్లాసుతో కొలవకండి. రెండోది ఆకారం. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 2004లో చాక్లెట్ బిళ్ళలతో, ఆ ఎం అండ్ ఎం అని అమ్ముతారే, వాటితో చేసి చూశారు. గుండ్రటి గోళీలు 64 శాతం నింపేచోట ఆ నొక్కినట్టుండే బిళ్ళలు 68 శాతం దాకా నింపాయి. అంటే ఆకారం మారితే సందులు మారతాయి. మసూర్ గింజ అచ్చం ఆ బిళ్ళ ఆకారమే. రాజ్మా, బొబ్బర్లు వంపు తిరిగిన గింజలు, వంపు దగ్గర చోటు పోతుంది. బొబ్బర్ల తొక్క ముడతలు కూడా పడుతుంది. మూడోది కలగలుపు. పెద్దవీ చిన్నవీ కలిస్తే చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరతాయి. నూకలు కలిసిన కందిపప్పు గ్లాసుకు బరువు ఎక్కువ తూగేది అందుకే.

ఇప్పుడు అంకెలు. రాసుకునేవాళ్ళు రాసుకోండి. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ ఆహార పట్టికల్లో వాళ్ళ కప్పుకు, అంటే సుమారు 237 మిల్లీలీటర్లకు, ఎండు గింజలు ఎన్ని గ్రాములో ఇచ్చారు. శనగలు 200. పెసలు 207, మినుములూ అంతే. కందులు 205. మసూర్ 192. సోయా 186. రాజ్మా 184. బొబ్బర్లు 167. వీటిని వంద మిల్లీలీటర్లకు మారిస్తే పెసలు, మినుములు, కందులు 87 గ్రాముల దగ్గర, శనగలు 85 దగ్గర, మసూర్ 81, సోయా, రాజ్మా 78, 79, బొబ్బర్లు 70, 71 దగ్గర పడతాయి.

ఇన్ని గుర్తుపెట్టుకోలేమంటారు. నిజమే. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మన పప్పులకు మిల్లీలీటర్లలోంచి ఆరో వంతు కంటే కాస్త తక్కువ తీసేస్తే గ్రాములు. నూటికి 85. రాజ్మా, సోయా అయితే నూటికి 80 కంటే కాస్త తక్కువ. బొబ్బర్లు మాత్రం ఈ లెక్కకు లొంగవు, వాటిని 70 అనుకోండి. ఇందాక అడిగిన 85 గ్రాముల పప్పు ఎంతో ఇప్పుడు చెప్పండి? వంద మిల్లీలీటర్లు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో సగం. ఒక మనిషికి, రోజు మొత్తానికి. పొద్దున ఇడ్లీలో మినపప్పు, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం గుగ్గిళ్ళు, అన్నీ కలిపి సగం గ్లాసు. డైటీషియన్ రాసిన 30 గ్రాములైతే 35 మిల్లీలీటర్లు, రెండు టేబుల్ స్పూన్లు దాటి ఇంకో టీస్పూను.

ఇప్పుడు మీరు అడగబోయే మాట నాకు తెలుసు. మా గ్లాసు 200 మిల్లీలీటర్లో కాదో మాకేం తెలుసు అని. స్టీలు గ్లాసు అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది, పెళ్ళిలో ఇచ్చినవాళ్ళ పేరుంటుంది, పట్టే కొలత మాత్రం ఉండదు. (సభలో నవ్వులు) కాటా ఉంటే చిటికెలో తేలిపోతుంది. గ్లాసు నిండా నీళ్ళు పోసి తూచండి, ఎన్ని గ్రాములొస్తే అన్ని మిల్లీలీటర్లు. ఇదిగో ఈ గ్లాసు... 212. దీన్ని తుడిచి ఆరబెట్టి, ఇప్పుడు కందిపప్పు పోస్తున్నాను. 178. భాగిస్తే 0.84.

కాటా లేకపోయినా ఇబ్బంది లేదు. కొట్లో కొన్న కిలో ప్యాకెట్టే మీ తూకపు రాయి. ప్యాకెట్ చేసిన సరుకుల మీద నికర బరువు వెయ్యడం చట్టప్రకారం తప్పనిసరి. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజున డబ్బాలో పొయ్యకముందు మీ గ్లాసుతో కొలిచి ఎన్ని గ్లాసులయ్యాయో లెక్కపెట్టండి. ఆరు గ్లాసులయితే గ్లాసుకు 167 గ్రాములు. ఏడయితే 143. కందిపప్పుకు ఒకసారి, మినపగుళ్ళకు ఒకసారి, శనగలకు ఒకసారి. జీవితానికి సరిపోతుంది, గ్లాసు మార్చనంత కాలం.

కొలిచేటప్పుడు చెయ్యి మాత్రం ఒకేలా ఉండాలి. ఈ పక్కన చూడండి, పప్పు గ్లాసులో మెల్లగా పోశాను, చదును చేశాను. ఇప్పుడు గ్లాసు అడుగు బల్ల మీద నాలుగు సార్లు తడుతున్నాను. దిగిందా? ఈ దిగిన చోటులో ఇంకా పప్పు పడుతుంది. తట్టి కొలిస్తే ఐదారు శాతం ఎక్కువ. ఇక అంచు మీద కుప్ప పోసి కొలిచే అలవాటుంది చూశారా, దాని సంగతి ఇంకా ఘోరం. నోరు ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసు మీద నిలిచే కుప్ప 20 మిల్లీలీటర్ల పైమాటే. పదింట ఒక వంతు కుప్పలోనే ఉంది. ఇంతకంటే వెడల్పు మూతి ఉన్న పళ్ళెం లాంటి పాత్రయితే కుప్ప ఇంకా పెద్దది.

పాతకాలం వ్యాపారమంతా ఈ కుప్ప చుట్టూనే తిరిగింది. మన దగ్గర గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, పుట్టి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఇవన్నీ స్థలం కొలతలే. కొలిచేటప్పుడు మొదటి దాన్ని ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాళ్ళు, ఇప్పటికీ ధాన్యం దగ్గర వినబడుతుంది. కొలత పేర్లు అన్నిచోట్లా అవే, పట్టే పరిమాణం మాత్రం ఊరు ఊరికీ మారేది. అందుకే సోల అంటే ఎన్ని గ్రాములండీ అని అడిగితే అందరికీ కలిపి ఒకే జవాబు లేదు. మీ ఇంట్లో సోల ఉంటే నీళ్ళు పోసి చూడండి, ఇందాకటి పద్ధతే. తూకాలు వేరుగా ఉండేవి: వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు మణుగు. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరులో కిలోల వాడకం మొదలై, 1962 ఏప్రిల్ నాటికి తప్పనిసరి అయ్యింది. కొట్లలో కుంచాలు పోయాయి, ఇళ్ళల్లో మాత్రం గ్లాసు రూపంలో సోల బతికే ఉంది.

మనకొక్కరికే ఈ చిక్కు అనుకోకండి. ఇంగ్లండు పార్లమెంటు 1690ల్లో బుషెల్ అనే ధాన్యం కొలతకు ఎంత పట్టాలో చెప్పి ఊరుకోలేదు, పాత్ర వెడల్పు పద్దెనిమిదిన్నర అంగుళాలు, లోతు ఎనిమిది అంగుళాలు ఉండాలని కూడా రాసిపెట్టింది. ఆకారం ఎందుకని ఎవరైనా అడిగితే ఇందాకటి కుప్ప చూపించండి. ఆ బుషెలే అమెరికాకు వెళ్ళింది, 35.24 లీటర్లు. పాత్రతో కొలిస్తే పేచీలు తెగవని చివరికి అక్కడ ఏం చేశారంటే, సోయా బుషెల్ అంటే 60 పౌండ్లు అని బరువుకు కట్టేశారు. షికాగో మార్కెట్లో ఇవాళ్టికీ సోయా బేరం బుషెళ్ళలోనే జరుగుతుంది, ఒక్క బుషెల్ పాత్ర కూడా అక్కడ ఉండదు. 60 పౌండ్లు అంటే 27.2 కిలోలు. దాన్ని 35.24తో భాగించి చూడండి, 0.77 వస్తుంది. ఇందాక కప్పు లెక్కలో సోయాకు 0.78, 0.79 అనుకున్నాం. రైతు బండి మీద కొలిచినా వంటింట్లో కప్పుతో కొలిచినా సోయా సోయానే.

అమెరికా మాట వచ్చింది కాబట్టి కప్పుల గొడవ కూడా చెప్పేస్తాను. ఈ ప్లాస్టిక్ కప్పు చూడండి, రైస్ కుక్కర్ కొంటే వస్తుంది. ఇది 180 మిల్లీలీటర్లు. జపాన్ వాళ్ళ బియ్యం కొలత ఇది, కుక్కర్లతో పాటు ప్రపంచమంతా తిరిగింది. అమెరికా వంట కప్పు సుమారు 237. ఆస్ట్రేలియా కప్పు 250. మన బజార్లో దొరికే కప్పుల సెట్లు 240 ఉంటాయి, 250 ఉంటాయి. పిల్లలు ఒక అమెరికా వంట వీడియో చూసి రెండు కప్పుల రాజ్మా అన్నారని కుక్కర్ కప్పుతో పోస్తే నాలుగో వంతు తక్కువ పడుతుంది. మసాలా, ఉప్పు మాత్రం పూర్తి కొలత. అమ్మకు ఫోను: "అమ్మా, ఉప్పగా అయిపోయిందే!" ఉప్పు ఎక్కువ కాలేదు తల్లీ, రాజ్మా తక్కువైంది. డబ్బాలో దొరికే ఉడికించిన శనగలు వాడేవాళ్ళకు ఇంకో లెక్క: 425 గ్రాముల డబ్బాలో నీళ్ళు వార్చేస్తే 250 గ్రాముల దాకా మిగులుతాయి, అవి సుమారు 110 గ్రాముల ఎండు శనగలతో సమానం.

నానిన గింజల దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఎండు శనగలు రాత్రంతా నానితే దాదాపు తమ బరువంత నీళ్ళు తాగుతాయి. మన 810 గ్రాములు పొద్దునకు 1600 దాటుతాయి, గిన్నె కూడా రెండు పైగా కావాలి. అయితే గ్లాసుడు నానిన శనగలు గ్లాసుడు ఎండు శనగల కంటే బరువా, తేలికా? ... అందరూ బరువే అంటున్నారు. తేలిక. ఎండు గింజ నీళ్ళకు 1.3 రెట్లు అనుకున్నాం కదా, అందులో నీళ్ళు చేరేకొద్దీ ఆ రెట్టు తగ్గుతుంది, సందులు మాత్రం అలాగే ఉంటాయి. పట్టికల్లో ఎండు శనగలు కప్పుకు 200 అయితే ఉడికినవి 164. అంటే గ్లాసుడు నానిన శనగల్లో అసలు శనగ, ఎండు గ్లాసులో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. అందుకని ఎవరైనా వంట చెప్పేటప్పుడు "గ్లాసుడు శనగలు నానబెట్టుకుని" అన్నారా, "నానబెట్టిన శనగలు గ్లాసుడు" అన్నారా చెవి పెట్టి వినండి. మొదటిది నలుగురికి, రెండోది ఇద్దరికి.

పిండి దగ్గరికొస్తే నేను చెప్పిన 85 లెక్క పూర్తిగా మూసెయ్యండి. జల్లించిన శనగపిండి అమెరికా కప్పుకు 92 గ్రాములే. అదే శనగలు 200. జల్లించకుండా నొక్కి పోస్తే ఇదే కప్పులో 120 దాకా కూడా దూరుతుంది. దీనివల్ల మైసూర్‌పాక్ ఎలా చెడుతుందో చెబుతాను. ఇళ్ళల్లో వాడే లెక్క గ్లాసు శనగపిండికి రెండు గ్లాసుల పంచదార. పంచదార కప్పుకు 200 గ్రాములు. అంటే తూకంలో 92కి 400, ఒకటికి నాలుగు దాటింది. ఇప్పుడు కొత్తగా కాటా కొన్నవాళ్ళు, ఒకటికి రెండు కదా అని 100 గ్రాముల పిండి, 200 గ్రాముల పంచదార తూచి వేస్తే పాకం ఎక్కడ సరిపోతుంది? పిండి రెట్టింపు పడినట్టే. తప్పు పాకానిది అనుకుని మంట పెంచుతారు, తగ్గిస్తారు. గ్లాసుతో పుట్టిన లెక్కను గ్రాముల్లోకి తేవాలంటే ప్రతి సరుకునూ విడివిడిగా తూచాలి, నిష్పత్తిని ఎత్తుకొచ్చి పెట్టకూడదు.

ఇడ్లీ, దోసెల్లో ఇంత ప్రమాదం లేదు. బియ్యం కప్పుకు 185, మినుములు 207. దోసెకు ఒకటికి మూడు గ్లాసులంటే తూకంలో ఒకటికి 2.7. ఆ తేడాను రుబ్బేటప్పుడు పోసే నీళ్ళే మింగేస్తాయి. నా మాట వింటే ఇలాంటివాటికి గ్లాసే హాయి. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో రోజువారీ పప్పుకు కాటా తియ్యడం నాకైతే అతి అనిపిస్తుంది. పథ్యం ఉన్నవాళ్ళకూ, పాకాలకూ, వంద మంది పైబడ్డ వంటకూ తూకం కావాలి.

గ్లాసు పట్టుకోలేని ఇంకో సంగతి ఉంది. పుచ్చులు. పురుగు లోపల తినేసిన పెసర గింజ బయటికి గింజలాగే ఉంటుంది, గ్లాసులో తన చోటు తాను ఆక్రమిస్తుంది. గ్లాసుకు 175 తూగాల్సిన పెసలు 160 తూగాయంటే ఒకసారి నీళ్ళలో వేసి చూడండి, తేలేవి తేలతాయి. తూకాన్ని మోసం చేసేది చెమ్మ. తడి తగిలిన గింజలకు నీటి బరువు తోడవుతుంది, డబ్బు మనం దానికీ కడతాం. అదే గింజలు ఉబ్బుతాయి కాబట్టి గ్లాసుకు బరువు తగ్గుతుంది. రెండు రకాలుగానూ కొలిచి చూసేవాడికి కొట్టువాడు తడి సరుకు అమ్మలేడు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మాస్టారూ చెప్పండి. ఈయన మన ఊళ్ళో పెళ్ళిళ్ళకు వంట చేస్తారు. "మేం తట్టలతో, బకెట్లతో కొలుస్తామండీ, ఎప్పుడూ తేడా రాలేదు." రాదండీ, మీ బకెట్ మీకు తెలుసు. మీరు మనిషికి 40 గ్రాముల కందిపప్పు వేస్తారనుకుందాం, 500 మందికి 20 కిలోలు. మీ పది లీటర్ల బకెట్‌కు ఎనిమిదిన్నర కిలోలు పడుతుంది. రెండున్నర బకెట్లకు కాస్త తక్కువ. ఇంటివాళ్ళు సరుకు తెచ్చేది కిలోల్లో, మీరు పొయ్యి మీద పెట్టేది బకెట్లలో, అక్కడ మీ సహాయకుడు కుప్ప పోసి కొలిచాడనుకోండి, పదో వంతు అంటే రెండు కిలోల పప్పు. మీ బకెట్‌కు లోపల ఎనిమిది కిలోల దగ్గర ఒక గీత పెట్టించుకోండి, ఎవరు కొలిచినా ఒకటే.

అమ్మా, మీరు? "ఉలవలు చెప్పలేదండీ." ఉలవలకు నేను నోటిమాటగా అంకె ఇవ్వను, కిలో ప్యాకెట్ లెక్క పెట్టుకోండి, అదే ఖాయం. ఉలవచారుకైతే అసలు కొలవాల్సింది నీళ్ళు. ఉలవలు కొలిచిన గ్లాసుతోనే నీళ్ళూ కొలవండి, గ్లాసు ఎంత పట్టినా చిక్కదనం మారదు.

ఇంకెవరూ లేరా? అయితే మీరు ఇంటినుంచి తెచ్చిన గ్లాసులు ఇటివ్వండి. కాటా ఇక్కడే ఉంది, నీళ్ళున్నాయి, కందిపప్పుంది. తూచి అడుగున మార్కర్‌తో రెండు అంకెలూ రాసిస్తాను. వరసలో రండి, ముందు ఆ సొట్ట గ్లాసు ఎవరిది?